మునెమ్మ అని పిలిచేదెవరు

మా అక్క పేరు నేను నోటితో పలకను. పెద్ద తోటికోడలు కదా, పలకకూడదు. రాయకూడదని మాత్రం ఏ పెద్దమనిషీ నాకు చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. మునెమ్మ. మళ్ళీ రాస్తాను, నాకేం భయం? మునెమ్మ, మునెమ్మ, మునెమ్మ. ముప్పై మూడేళ్ళుగా పక్కపక్క ఇళ్ళలో కాపురం చేస్తూ నోట్లోనే నొక్కిపెట్టుకున్న పేరు ఇది.

ఆమె అంటే నాకు ప్రేమ లేదని కాదు. అసూయ ముందు పుట్టింది, ప్రేమ తర్వాత వచ్చి చేరింది. ఇద్దరమూ ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. ఆమెకు కొళాయి ఉన్న వాటా వచ్చింది, నాకు ఆమె కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడే భాగ్యం వచ్చింది. ఆమె కొడుకు మునిశేఖర్‌కు శ్రీసిటీలో ఉద్యోగం, ఇరవై ఏడుకే పెళ్ళి, ఏడాది తిరక్కుండా కోడలికి నెల తప్పడం. నా కొడుకు వంశీకి ముప్పై దాటినా ఒక్క సంబంధమూ కుదరలేదు. ఆమె ఇంట్లో ఏం మంచి జరిగినా నేను నవ్వుతూనే పోయి, ఇంటికొచ్చి తలుపేసుకుని గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని. కడుపుమంట ఎలా ఉంటుందో ఎరిగినదాన్ని కాబట్టి, మునెమ్మ కడుపులో మంట రాజుకున్న రోజు అందరికంటే ముందు నాకే తెలిసింది.

ఆమె అలిపిరి దగ్గర టెంకాయలు అమ్ముతుంది. మెట్లెక్కి కొండకు పోయేవాళ్ళు కింద టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి పోతారు కదా, ఆ టెంకాయ, ఆ కర్పూరం ఆమె గంపలోవే. ఇరవై ఏళ్ళుగా అదే చోటు. రోజుకు కొన్ని వందలమంది ఆమెతో మాట్లాడతారు. తమిళంలో, కన్నడంలో, మరాఠీలో కూడా బేరమాడతారు. వాళ్ళందరికీ ఆమె "టెంకాయమ్మా". వీధిలో "శేఖరోళ్ళమ్మ". కొడుక్కి "అమ్మా". నాకు "అక్కా". మా అత్త బతికున్నన్నాళ్ళూ "పెద్దదానా" అనేది. ఇక మా బావ వరదయ్య బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి, ఆయన నోట్లో ఉన్నది ఒకటే మాట, "ఏమ్మే".

పుట్టింట్లో అలా కాదట. చిత్తూరు దగ్గర పల్లె వాళ్ళది. మునీశ్వరుడికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. వాళ్ళ నాయన బెల్లం గానుగ దగ్గర నిలబడి "మునెమ్మో!" అని కేక పెడితే రెండు చెరకు తోటల అవతల ఉన్న ఈమెకు వినబడేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి మీరు. పెళ్ళయి తిరుపతికి వచ్చాక ఆ పేరు రేషన్ కార్డులోకి పోయి కూర్చుంది, మళ్ళీ బయటికి రాలేదు.

రాలేదంటే అందులో ఆమె తప్పూ ఉంది. అది చెప్పకపోతే నేను కథ చెప్పినట్టే కాదు. పెద్దవాళ్ళ పేర్లు పలకకూడదనే పట్టింపు మా అందరికీ ఉంది గానీ, ఆమెకున్నంత ఎవరికీ లేదు. మొగుడి పేరులో "వరద" ఉందని స్వర్ణముఖికి నీళ్ళొచ్చిన ఏడు కూడా ఆ మాట అనలేదు. "ఏట్లో పెద్దనీళ్ళు వచ్చినాయి" అనేది. కోడలు ప్రశాంతి కాపురానికొచ్చిన కొత్తలో మునెమ్మకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయాం. చీటీ రాసే అమ్మాయి "పేషెంట్ పేరు?" అని అడిగింది. ప్రశాంతి పాపం "మునెమ్మ" అంది. అంతే. నూట రెండు జ్వరంతో బెంచీ మీద వాలిపోయిన మనిషి లేచి కూర్చుంది.

"ఏమ్మే, అత్త పేరు అంత సులువుగా వచ్చేసిందే నోట్లోంచి! మీ అమ్మ ఇదేనా నేర్పించి పంపింది? నలుగురిలో అత్తని పేరు పెట్టి పిలిచే కోడల్ని నేను యాడా సూళ్ళేదు."

ఆస్పత్రిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ప్రశాంతి తలొంచుకుని, "తప్పయిపోయింది అత్తా. ఇంక ఎప్పుడూ పలకను" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "బాగా గడ్డి పెట్టినావక్కా" అన్నాను కూడా. ఆ పిల్ల మాట మీద నిలబడే రకం. ఆ తర్వాత గ్యాస్ వాడొచ్చి ఎవరి పేరు మీద ఉందని అడిగినా కాగితం మీద రాసి చూపించేది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, రివాజు అది. కానీ ప్రశాంతి వాళ్ళ అమ్మ ఆనందమ్మది సూళ్ళూరుపేట. మొగుడు పోయాడు, ఒంటరి మనిషి. కాన్పుకు తిరుపతి ఆస్పత్రే మేలని డాక్టరమ్మ చెప్పడంతో, కూతురు ఆమె దగ్గరికి పోయే బదులు ఆమే కూతురి దగ్గరికి వచ్చింది. చంకలో ఒక సంచి, సంచిలో పులికాట్ ఎండు రొయ్యలు, సున్నిపిండి. చేతిలో ఒక ముక్కాలిపీట. పీటను బస్సులో మోసుకొచ్చిందంటే చూడండి! "ప్రశాంతికి ఈ పీట మీద కూర్చోనే నీళ్ళు పోసినా వదినా. దాని బిడ్డకీ దీని మీదనే పోస్తా" అంది. మునెమ్మ "దానికేముంది వదినా, ఇది నీ ఇల్లే అనుకో" అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్ని వందలసార్లు నాలుక కొరుక్కుందో నాకు తెలుసు.

ఆనందమ్మ అంగన్‌వాడీలో ముప్పై ఏళ్ళు టీచరుగా చేసింది. మనిషి కనిపిస్తే ముందు పేరు అడగడం ఆమెకు అలవాటు. వచ్చిన రెండో రోజే గోడ మీదుగా నన్ను పలకరించింది.

"నీ పేరేందమ్మా?"

"నేను ఈ ఇంటి చిన్నకోడల్ని" అన్నాను.

"అది వరస గదా. పేరు చెప్పు."

నమ్మండి, నా పేరు నేనే గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. చెప్పాను. ఆ రోజునుంచి ఆమె నన్ను పేరు పెట్టే పిలిచింది. నాకంటే రెండేళ్ళు పెద్ద, వరసకు వదిన, అడ్డేముంది? నేను అప్పుడే ఆమె పక్షం అయిపోయాను. మునెమ్మ అది కనిపెట్టింది. "ఏమే, ఆయమ్మ తావ నీకేం పనుండాది పొద్దస్తమానం?" అని నన్ను నిలదీసింది కూడా.

ఆడపిల్ల పుట్టింది. పండులాంటి పిల్ల. అక్కడినుంచి మునెమ్మకు నిద్ర లేదు. బిడ్డ ఏడవడం వల్ల కాదు, ఏడుపు ఆపేది ఆనందమ్మ కావడం వల్ల. పొద్దున ఎనిమిదింటికి ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తుంటే వీధిలో ఆడవాళ్ళంతా చూడ్డానికి వచ్చేవాళ్ళు. నెల తిరక్కుండా వీధి మొత్తానికి ఆమె పేరు తెలిసిపోయింది. కూరగాయల బండివాడు గేటు దగ్గర ఆగి "ఆనందమ్మగారూ, లేత సొరకాయలు ఉండాయి" అని కేకేశాడు. ఆ బండివాడి దగ్గర పదిహేనేళ్ళుగా కూరలు కొంటున్నది మునెమ్మ. ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆ రోజు సొరకాయ కూర ఎవరూ తినలేనంత కారంగా కుదిరింది.

ఒకరోజు ఆనందమ్మ మందులకని బజారుకు పోయినప్పుడు మునెమ్మ తానే బిడ్డకు నీళ్ళు పోయబోయింది. టెంకాయలు పట్టీపట్టీ గట్టిపడ్డ చేతులు. నీళ్ళు కొంచెం వేడెక్కువయ్యాయో ఏమో, బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. సరిగ్గా అప్పుడే ఆనందమ్మ గేటు తీసుకుని వచ్చింది. ఒక్క మాట అనలేదు. బిడ్డను తీసుకుని భుజాన వేసుకుంది, బిడ్డ గమ్మునయిపోయింది. తిట్టినా బాగుండేది అని మునెమ్మ సాయంత్రం నా దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను ఓదార్చాను. మనసులో మాత్రం, ఇన్నాళ్ళూ నేను పడింది ఇప్పుడు నువ్వు పడు అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఇక పేరు సంగతి వచ్చింది. ఇరవై ఒకటో నాడు ఉయ్యాల్లో వేయాలి. ప్రశాంతి, శేఖర్ ఫోన్లో పేర్లు వెతుకుతున్నారు. ఐరా అంటారు, నైషా అంటారు, ద్విజ అంటారు. చివరికి ద్విజ దగ్గర ఆగారు. మునెమ్మ కొంతసేపు విని, చెంగుతో మొహం తుడుచుకుని అంది:

"మన ఇంట్లో మొదటి మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టేది రివాజు. ఫోన్‌ని అడిగే పన్లే."

"అమ్మా, మునెమ్మ అని..." అనబోయి శేఖర్ నాలుక కరుచుకున్నాడు. "అదే, నీ పేరు పెడితే స్కూల్లో నవ్వుతారమ్మా. కావాలంటే ద్విజ అని పెట్టి, వెనకాల నీ పేరు తగిలిద్దాం."

"తగిలిచ్చేదానికి అదేమన్నా తోకా? పెడితే నా పేరే పెట్టండి. లేకుంటే నన్ను అడగొద్దండి."

ఆ రోజునుంచి అన్నం మానేసింది. నాలుగు రోజులు పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదని ఇంట్లో అందరికీ బెంగ. పొద్దున రెండు, రాత్రి మూడు దోసెలు మా ఇంట్లో తినేది, అది వేరే సంగతి.

నాలుగో రోజు సందకాడ నేను అలిపిరికి పోయాను, గంప సర్దడానికి సాయం చేద్దామని. "ఎందుకక్కా ఈ పంతం? చిన్నపిల్లలు ముచ్చటపడతా ఉండారు" అన్నాను. ఆమె మెట్ల వైపు చూస్తూ ఉంది. ఒక గుంపు గోవిందా గోవిందా అంటూ ఎక్కుతున్నది.

"సూడు, ఆ సామి పేరు పిలిచేదానికి ఎంతమంది వస్తా ఉండారో" అంది. "నన్ను పేరు పెట్టి పిలిచి ముప్పై అయిదేళ్ళయిందే. మా నాయన పోయినాక ఎవురూ పిలవలా. నేను సచ్చేలోపల నా ఇంట్లో ఒకసారి నా పేరు ఇనాల. ఇంకేమీ అడగను. ఆ బిడ్డనన్నా ఆ పేరుతో పిలిస్తే నన్ను పిలిచినట్టే అనుకుంటా."

ఆ గంప నేనే ఇంటిదాకా మోసుకొచ్చాను.

మరుసటి రోజు మునెమ్మ గెలిచింది. కానీ ఎలా గెలిచింది? ఆనందమ్మ కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది. "ముప్పై ఏళ్ళు బిడ్డల పేర్లు రాసినా పాపా. ఏ పేరైనా రెండు రోజులు నవ్వుతారు, మూడో రోజుకి అలవాటైపోతాది. మీ అత్త పేరే పెట్టు. ఆయమ్మ మనసు కష్టపెట్టొద్దు" అని. ప్రశాంతి సరేనంది. మునెమ్మకు సంతోషం ఒక కంట్లో, మంట ఇంకో కంట్లో. "నా పేరు నా మనవరాలికి పెట్టుకునేదానికి కూడా ఆయమ్మ దయ సూపించాలంట" అని నాతో అంది. దోసెలు మాత్రం ఆ రోజునుంచి వాళ్ళింట్లోనే తినింది.

ఇరవై ఒకటో నాడు శేఖర్ పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో మునెమ్మ అని రాశాడు. బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు ఏదో గొణిగాడు, అది బిడ్డకే వినిపించి ఉండాలి. మునెమ్మ వలవలా ఏడ్చింది. వీధంతా చక్కెర పొంగలి పంచింది. పుట్టిన సర్టిఫికెట్‌లో కూడా అదే పేరు రాయించారు. ఆనందమ్మ తన ఇల్లు ఒకసారి చూసుకుని వస్తానని మరుసటి రోజు సూళ్ళూరుపేటకు ఎలబారింది.

అసలు సంగతి ఆ తెల్లారే మొదలైంది. మునెమ్మ పొద్దున్నే వాకిట్లో కూర్చుని చెవులు రిక్కించుకుని ఉంది. లోపల్నుంచి ప్రశాంతి గొంతు వినిపించింది. "చిట్టీ, లేచినావా చిట్టీ?"

కొంతసేపు ఓపిక పట్టి, లోపలికి పోయి అడిగింది. "చిట్టి ఎవురే? బిడ్డకు పేరు పెట్టినాం కదా?"

ప్రశాంతి బిడ్డ గుడ్డ మారుస్తూ, తల ఎత్తకుండా, ఎంతో మర్యాదగా అంది. "మీ పేరు నేనెట్లా పలికేది అత్తా? ఆస్పత్రిలో మీరే కదా చెప్పినారు. ఇంక పలకనని మాటిచ్చినా."

మునెమ్మ కొడుకు దగ్గరికి పోయింది. వాడు కంపెనీ బస్సుకు టైమవుతోందని బూట్లు వేసుకుంటున్నాడు. "కన్నతల్లిని పేరు పెట్టి పిలిచేంత మొనగాణ్ణా అమ్మా నేను? నాకు నోరు రాదు" అన్నాడు. వాడికి బిడ్డ "అమ్మలు". మా బావ దగ్గరికి పోయింది. ఆయన పేపరు దించి, మళ్ళీ ఎత్తి, "ముప్పై అయిదేళ్ళుగా రానిది ఇప్పుడేం వస్తాదిమే? పాప అంటే సాలదా?" అన్నాడు. ఆఖరికి నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ముందే చేతులు జోడించాను. "పెద్దదానివి. నీ పేరు నేను పలికితే మన అత్త పైనుంచి దిగొచ్చి కొడతాది" అన్నాను. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు కదా. ఆమె తవ్విన గొయ్యి చాలా లోతు. నేను లోపలికొచ్చి నవ్వుకున్నాను. తర్వాత ఆ గంప, ఆ మెట్లు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం గోడ ఇవతల బట్టలు ఆరేస్తుంటే వినిపించింది. ఆమె ఉయ్యాల పక్కన కూర్చుని తానే పిలుస్తోంది, రహస్యంగా. "మునెమ్మా..." అంది. కొంచెం ఆగి, "థూ, ఇదేంది, నన్ను నేనే పిలుసుకున్నట్టు" అని లేచి పోయింది.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం గేటు చప్పుడైంది. ఆనందమ్మ చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోంచే గొంతెత్తింది.

"మునెమ్మా! ఓ మునెమ్మా! యాడుండావు తల్లీ? అమ్మమ్మ వచ్చింది సూడు!"

వంటింట్లో గరిటె కింద పడ్డ చప్పుడు. "ఆఁ?" అంటూ మునెమ్మ పరుగున బయటికొచ్చింది, పిండి చేతులతో. అందరం చూశాం. ప్రశాంతి పెదవి కొరుక్కుంది, బావ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మునెమ్మ మొహం మొదట వెలిగింది, వెంటనే ఎర్రబడింది, తిరిగి వంటింట్లోకి పోయింది. అప్పటికి గానీ మాకు ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో మునెమ్మ అని నోరారా పిలవడానికి ఏ అడ్డూ లేని మనిషి వియ్యపురాలు ఒక్కతే.

తర్వాత మూడు నెలలు ఆ పేరు మా వీధిలో మోగింది. నీళ్ళు పోసేటప్పుడు మునెమ్మా, సాంబ్రాణి పొగ వేసేటప్పుడు మునెమ్మా, పాడేటప్పుడు మునెమ్మా. ఎనిమిదింటికి మునెమ్మ మిక్సీ ఆపేసి నిలబడేది, వినడానికి. అలిపిరికి ఆలస్యంగా పోయేది. కానీ కడుపు మండిపోయేది. పేరు తనది, గొంతు ఆయమ్మది. నాలుగో నెలలో బిడ్డ పేరు వింటే తలతిప్పడం నేర్చింది. "మునెమ్మా" అని వినపడగానే బోసినోటితో నవ్వేది. ఎవరివైపు తిరిగి నవ్వేది? ఆనందమ్మ వైపే.

"నా పేరు పెట్టుకోని ఆయమ్మకి నవ్వుతాదే" అంది మునెమ్మ నాతో. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుంది ఆమె చూపు.

ఒక ఆదివారం అది పగిలింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉన్నారు నీళ్ళ దగ్గర. తుడిచి, పొడి గుడ్డ కట్టగానే బిడ్డ తడిపేసింది. ఆనందమ్మ ముద్దుగా కసిరింది. "ఏం మునెమ్మా, సిగ్గుండాదా నీకు? ఇప్పుడే గదా కట్టినా. బుద్ధెప్పుడొస్తాది మునెమ్మా నీకు?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

వంటింట్లోంచి మునెమ్మ దూసుకొచ్చింది. "ఎవుర్ని వదినా, సిగ్గులేదంటా ఉండావు?"

"బిడ్డని వదినా. ఎవుర్నంటా నేను?"

"బిడ్డ పేరు సెప్పి నన్ను తిడతా ఉండావు. వీధిలోవాళ్ళందర్నీ పిలిచి నవ్విస్తా ఉండావు. నా ఇంట్లో కూర్చోని, నా మనవరాల్ని ఒళ్ళో పెట్టుకోని! నా వీధి నీదైపోయ, నా బిడ్డ నీదైపోయ, ఇంక నా పేరు కూడా నీదేనా? సాలు తల్లీ నువ్వు చేసింది. నీకు ఊరూ ఇల్లూ లేవా?"

ఆనందమ్మ బిడ్డకు పొడి గుడ్డ కట్టి, కూతురి చేతికిచ్చింది. లోపలికి పోయి సంచి సర్దుకుంది. పోయేముందు మునెమ్మ ఎదురుగా నిలబడి, "నాకు ఉండేది ఒక్క కూతురు వదినా. ఆ ఇంట్లో గోడలు నాకు బదులు చెప్పవు. అందుకే ఈడ నోరు ఎక్కువైపోయింది. ఏమనుకోబాకు" అంది. బిడ్డ పేరు ఎత్తలేదు. ముక్కాలిపీట మాత్రం అక్కడే వదిలిపోయింది.

ఆ రాత్రి నుంచి నేను మునెమ్మతో మాట్లాడలేదు. నన్ను పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క మనిషిని ఆమె తరిమేసింది, నాకు ఒళ్ళు మండింది. ప్రశాంతి కన్నీళ్ళు తుడుచుకుని, "అవునత్తా, కాదత్తా" తప్ప ఇంకో మాట లేకుండా పని చేసుకుంటూ పోయింది. ఇల్లంతా చిట్టి, పాప, అమ్మలు. ఎనిమిదింటికి ప్రశాంతే నీళ్ళు పోసేది. బిడ్డ ఏడ్చేది కాదు. గేటు వైపు చూసేది, అంతే. మునెమ్మ మిక్సీ ఆపి నిలబడేది, ఏమీ వినపడక మళ్ళీ వేసేది. ఆమెకు కావలసిన దాన్ని ఆమె చేతులతోనే గేటు దాటించింది. అది ఆమెకు తెలుసు. తెలుసని నాకు తెలుసు.

పదకొండో రోజు పొద్దున ఎనిమిదింటికి తలుపు తట్టారు. తెరిస్తే మునెమ్మ. చంకలో బిడ్డ. తల దువ్వుకోలేదు.

"నీ ఫోన్లో ఆయమ్మ నంబరుండాదా?"

"నీ ఫోన్లో లేదా?"

"నేను చేస్తే ఎత్తదు. నాలుగుసార్లు చేసినా."

నేను నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఆమె ముందు బల్ల మీద పెట్టాను. మూడు రింగులు. "చెప్పమ్మా" అని ఆనందమ్మ గొంతు వచ్చింది. నేను మునెమ్మ వైపు చేయి చూపించాను. ఆమె గొంతు సవరించుకుంది. ఇరవై ఏళ్ళుగా ఊరుగాని ఊరువాళ్ళతో బేరమాడిన నోరు అది. ఆ రోజు రెండే ముక్కలు వచ్చాయి.

"వదినా... నేను" అంది.

బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"బిడ్డకి నీళ్ళు పోసే టైమయింది వదినా. గేటు సూస్తా ఉండాది." బిడ్డ తల నిమిరింది. "కోడలు పలకదు, కొడుకు పలకడు, ఆ మనిషి పలకడు. నేను నోరు కట్టేసినోళ్ళందరూ కట్టేసుకోనే ఉండారు. నీకొక్కదానికే నోరుండాది. నేనే ఓర్వలేక పొమ్మన్నా. కడుపుమంట వదినా నాది. నీకు బిడ్డ నవ్వుతా ఉంటే తట్టుకోలేకపోయినా." ఆమె చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "ఒక్కసారి పిలువు."

"ఎవుర్ని వదినా?" అంది ఆనందమ్మ మెల్లగా.

మునెమ్మ బిడ్డను ఫోను దగ్గరగా పట్టుకుంది. తానూ వంగింది.

ఫోనులోంచి పిలుపు వచ్చింది, వాకిట్లోంచి పిలిచినట్టే, గొంతెత్తి. "మునెమ్మా! ఓ మునెమ్మా! యాడుండావు తల్లీ?"

బిడ్డ గబుక్కున ఫోను వైపు తిరిగి, చేతులాడిస్తూ నవ్వింది.

"ఆఁ" అంది మునెమ్మ. "ఈడనే ఉండా."

నేను అటు తిరిగి స్టవ్ మీద ఏమీ లేకపోయినా స్టవ్ దగ్గరికి పోయాను. వెనకనుంచి ఆనందమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు, తర్వాత ఆమె మాట వినిపించింది. "రేపు మొదటి బస్సుకి వస్తా. పీట ఎండలో పెట్టినారా, పాకుడు పట్టి ఉంటాది. అవునూ, నాగులమ్మ పక్కనే ఉండాదా? నాగులమ్మా! బాగుండావా?"

నేను నోరు తెరిచేలోపు మునెమ్మ ఫోను చటుక్కున తీసుకుని, స్పీకరు ఆపి, చెవికి ఆనించుకుంది. "అది బాగానే ఉండాదిలే వదినా. నువ్వు నాతో మాట్లాడు" అంది. ఫోను నాది. అరగంటయినా తిరిగి ఇవ్వలేదు.